పాత డీఎస్ఎల్ఆరా, జేబు కెమెరానా? పిల్లల చేతికి ఏది ఇవ్వాలి



పేరెంట్స్ మీటింగులో మార్కుల మాట, హోంవర్కు మాట అయిపోయాక, కుర్చీలోంచి లేస్తూ కొందరు అడిగే ప్రశ్న ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తోంది. "మేడమ్, మా పిల్లగాడు కెమెరా కావాలని పానం తీస్తుండు. ఏది కొంటె మంచిగుంటది? పెద్దదా, చిన్నదా?" పెద్దదంటే మెడలో వేసుకునే డీఎస్ఎల్ఆర్. చిన్నదంటే చొక్కా జేబులో పట్టే కాంపాక్ట్ కెమెరా. కొత్త డీఎస్ఎల్ఆర్ ధర చూసి చాలామంది వెనక్కి తగ్గుతున్నారు. పెళ్లి ఫోటోలు తీసే అన్న తన పాతది అమ్ముతానంటే, పాతది కొనాలా, అదే డబ్బుతో చిన్న కెమెరా తీసుకోవాలా అని ఆలోచిస్తున్నారు.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఎనిమిదో తరగతి, ఆపైన చదివే పిల్లలకైతే పాత డీఎస్ఎల్ఆర్. అంతకంటే చిన్నవాళ్లకు జేబు కెమెరా. ఏది కొన్నా, పిల్లల చేతికి ఇవ్వడానికి మీరు భయపడనంత ధరలోనే కొనండి. ఈ మూడో మాటే అన్నిటికంటే ముఖ్యం. ఎందుకో వివరిస్తాను.

ఫోన్ ఉండగా కెమెరా దేనికి?

ముందు ఈ సందేహం తీరాలి. నిజమే, మంచి ఫోన్ తీసే ఫోటో చూడటానికి బాగానే ఉంటుంది. వెలుతురు తక్కువైతే చాలా ఫోన్లు ఒకేసారి అనేక ఫోటోలు తీసి, కలిపి, సరిదిద్ది చూపిస్తాయి. చవక జేబు కెమెరాలు ఆ పని చేయలేవు. ఫోటో నాణ్యత ఒక్కటే లెక్కయితే, చిన్న కెమెరా కొనడం కంటే ఇంట్లో ఉన్న ఫోనే మేలు అనిపించవచ్చు.

కానీ ఫోటో తీసుకుంటానని ఫోన్ అడిగిన పిల్లవాడు ఫోటో ఎంతసేపు తీస్తాడో మీకు తెలుసు. రెండు నిమిషాల తర్వాత అదే చేతిలో రీల్స్ నడుస్తుంటాయి. తప్పు పిల్లలది కాదు, ఆ వస్తువును అలా తయారుచేశారు. కెమెరాలో మెసేజ్ రాదు, గేమ్ ఉండదు, లైకులు ఉండవు. అది చేసేది ఒకటే పని. ఫోన్ ఇవ్వకుండా పిల్లలకు ఫోటోగ్రఫీ నేర్పించాలంటే విడి కెమెరా మంచి దారి. ఈ విషయంలో పెద్ద కెమెరా, చిన్న కెమెరా రెండూ సమానమే.

ఇంగ్లీష్ టీచర్‌గా నాకు మరో కారణం కూడా కనిపిస్తుంది. "మై విలేజ్" మీద వ్యాసం రాయమంటే క్లాసులో సగం నోటుపుస్తకాల్లో ఒకే ఊరు కనిపిస్తుంది. పచ్చని పొలాలు, గలగలా పారే నది, మంచి మనుషులు. అది గైడులోని ఊరు, మన ఊరు కాదు. మన దగ్గర బిక్కేరు వాగు ఏడాదంతా గలగలా పారదు. పత్తి చేనుకు ఒక నెలలో ఉండే రంగు ఇంకో నెలలో ఉండదు. తాటిచెట్టు ఎక్కే తాత మోకు కట్టుకునే తీరు ఏ గైడులోనూ లేదు. పిల్లవాడు తాను తీసిన ఫోటో ముందు పెట్టుకుంటే, చూసిందే చెప్పాలి కాబట్టి మాటలు వెతుక్కుంటాడు. ఇంగ్లీషైనా తెలుగైనా సొంత వాక్యం అక్కడే మొదలవుతుంది. అందుకే కెమెరాను నేను ఆటవస్తువుగా చూడను. పిల్లలకు చూడటం నేర్పే వస్తువుగా చూస్తాను. ఏ కెమెరా కొనాలన్నది కూడా ఈ లెక్కలోనే తేల్చుకోవాలి.

రెండిటికీ తేడా ఎక్కడుంది?

షాపులో మొదట వినిపించే మాట మెగాపిక్సెల్. దాన్ని పక్కన పెట్టండి. 2010లో వచ్చిన నికాన్ డి3100లో 14 మెగాపిక్సెల్, 2011లో వచ్చిన కానన్ 1100డిలో 12 మెగాపిక్సెల్ ఉంటే, 2014లో వచ్చిన సోనీ డబ్ల్యూ830 అనే జేబు కెమెరాలో 20 ఉన్నాయి. అంకె చూస్తే చిన్నదే గొప్ప అనిపిస్తుంది. వెలుతురును పట్టే సెన్సర్ సైజు చూస్తే కథ వేరు.

మామూలు జేబు కెమెరాలో సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. పైన చెప్పిన డీఎస్ఎల్ఆర్‌లలో అది సుమారు 22, 23 మిల్లీమీటర్ల పొడవు, 15 మిల్లీమీటర్ల వెడల్పు. వైశాల్యం లెక్కకట్టమని మీ పాపకే ఇవ్వండి. పెద్దది చిన్నదానికి సుమారు 12 రెట్లు వస్తుంది. వాన పడేటప్పుడు బకెట్ పెడితే ఎన్ని నీళ్లు పడతాయి, గ్లాసు పెడితే ఎన్ని పడతాయి? వెలుతురు విషయంలోనూ అంతే. పట్టపగలు చేనులో రెండు కెమెరాల ఫోటోలకు పెద్ద తేడా కనిపించకపోవచ్చు. పొద్దు గూకాక, ఇంట్లో, స్కూల్ ఫంక్షన్ స్టేజీ మీద మాత్రం చిన్న కెమెరా ఫోటో గరుకుగా, ముద్దగా వస్తుంది.

అన్ని జేబు కెమెరాలూ ఒకటి కావు. 2012లో మొదలైన సోనీ ఆర్ఎక్స్100 లాంటివి జేబులో పడతాయి, వాటి సెన్సర్ మామూలు కాంపాక్ట్ కంటే దాదాపు 4 రెట్లు పెద్దది, మాన్యువల్ మోడ్ కూడా ఉంటుంది. కానీ వాటి ధర వేరు. పాత మోడల్ మంచి స్థితిలో, అందుబాటు ధరలో దొరికితే దాన్ని వదులుకోవద్దు.

బరువు విషయంలో చిన్నదానిదే గెలుపు. డబ్ల్యూ830 బరువు సుమారు 120 గ్రాములు. డి3100కు దానితో వచ్చే 18-55 లెన్స్ తగిలిస్తే ముప్పావు కిలో దాటుతుంది. ఇప్పటికే పుస్తకాల బ్యాగు మోసే పిల్లల భుజానికి అది కూడా బరువే. ఇంట్లో వదిలేసి వెళ్లిన కెమెరాతో ఎవరూ ఫోటో తీయలేరు. చిన్న కెమెరా వైపు మాట్లాడేవాళ్ల అసలు బలం ఇదే. ఆ మాటను నేను కాదనను.

ఇక బ్యాటరీ. డి3100 ఒకసారి ఛార్జ్ చేస్తే 500కు పైగా ఫోటోలు తీస్తుంది. చాలా జేబు కెమెరాలు రెండు మూడు వందల దగ్గర ఆగిపోతాయి. కరెంటు, ఛార్జర్ దొరకని ఫీల్డ్ ట్రిప్పులో ఈ తేడా తెలుస్తుంది.

నేర్చుకోవడం దేనితో?

ఇక్కడే నేను పాత డీఎస్ఎల్ఆర్ వైపు మొగ్గుతాను. మన జిల్లాలోదే ఒక ఉదాహరణ చూద్దాం.

పోచంపల్లి ఇక్కత్ చీరలో డిజైన్ నేతలో పుట్టదు. నేయడానికి ముందే నూలుకు ముడులు కట్టి రంగులు అద్దుతారు. అంతకంటే ముందు ఆ నూలును మేకుల చుట్టూ తిప్పుతూ వరుసగా పేర్చాలి. దాన్నే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు ఆ చేయి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి గారు ఆ పనితో పడే భుజం నొప్పి చూసి ఆసు యంత్రం తయారుచేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంట్లో అందరికీ రోజూ కనిపించే చేతినే ఆయన శ్రద్ధగా చూశారు. చూడటంలో ఉన్న బలం అది.

ఇప్పుడు మీ పాప ఒక చేనేత ఇంటికి వెళ్లిందనుకోండి. అక్కడ అమ్మ చేత్తో ఆసు పోస్తోంది. ఇంట్లో మసక వెలుతురు. జేబు కెమెరా ఆటోలో ఉంటుంది. నొక్కగానే ఫ్లాష్ వెలుగుతుంది, లేదా ఫోటో చెదురుతుంది. ఎందుకు చెదిరిందో పాపకు తెలియదు. తెలిసినా మార్చడానికి చాలా చవక మోడళ్లలో దారి లేదు. షట్టర్ స్పీడ్, అపర్చర్ మన చేతిలో ఉండవు.

డీఎస్ఎల్ఆర్ అయితే షట్టర్ స్పీడ్‌ను పాపే ఎంచుకుంటుంది. సెకనులో 500వ వంతు పెడితే చేయి గాలిలో ఆగిపోయినట్టు కనిపిస్తుంది. కానీ మసక ఇంట్లో అంత వేగానికి వెలుతురు సరిపోదు, ఫోటో నల్లబడుతుంది. ఐఎస్ఓ పెంచాలి, అపర్చర్ తెరవాలి. సెకనులో 15వ వంతు పెడితే వెలుతురు చాలుతుంది, చేయి మాత్రం పొగలా చెదిరి కనిపిస్తుంది. ఇందులో ఏది సరైన ఫోటో? చేయి ఆగిన ఫోటోలో వేళ్లు, నూలు స్పష్టంగా ఉంటాయి. చెదిరిన ఫోటోలో ఆ చేయి ఎంత వేగంగా, ఎంతసేపు తిరుగుతోందో తెలుస్తుంది. పాప ఏదో ఒకటి ఎంచుకోవాలి, ఎందుకు ఎంచుకుందో చెప్పగలగాలి. పుస్తకంలో జవాబు లేని ప్రశ్న అది. అలాంటి ప్రశ్నలు మన పిల్లలకు ఎంత తక్కువ ఎదురవుతాయో మీకు తెలుసు.

సైన్స్ కూడా ఇందులోనే ఉంది. పదో తరగతిలో కాంతి పాఠాలకు పిల్లలు కిరణ చిత్రాలు బాగానే గీస్తారు. నాభ్యంతరం నిర్వచనం చెప్తారు. లెన్స్ మీద 18, 55 అని రాసి ఉన్నది ఆ నాభ్యంతరమే అని చేత్తో తిప్పి చూసినవాళ్లు తక్కువ. ఎఫ్ 4 నుంచి ఎఫ్ 5.6కు వెళ్తే వెలుతురు సగమవుతుంది. 60వ వంతు సెకను నుంచి 125వ వంతుకు వెళ్లినా దాదాపు సగమే. ఒకటి తగ్గిస్తే ఇంకోటి పెంచాలి. రెండు వారాలు ఆడుకుంటే ఈ లెక్క బట్టీ పట్టకుండానే వచ్చేస్తుంది. పైగా ప్రతి ఫోటో ఫైలులో ఏ స్పీడు, ఏ అపర్చర్, ఏ ఐఎస్ఓ అన్నది కెమెరానే రాసి పెడుతుంది. ఫోటో ఎందుకు పాడైందో రాత్రి కంప్యూటర్ ముందు కూర్చుని వెతుక్కోవచ్చు. ఇది వాళ్ల ప్రాక్టికల్ రికార్డు అనుకోండి.

ఇంకో చిన్న విషయం. డీఎస్ఎల్ఆర్‌లో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఉంటుంది. మన ఎండల్లో చిన్న కెమెరా వెనక స్క్రీన్ సరిగా కనిపించక, గుడ్డిగా నొక్కాల్సి వస్తుంది. వ్యూఫైండర్‌కు కన్ను ఆనించగానే చుట్టూ ఉన్నదంతా పోయి ఆ చతురస్రం ఒక్కటే మిగులుతుంది. అందులో ఏముండాలో, ఏముండకూడదో తేల్చుకునేదాకా పిల్లలు ఆగుతారు. ఆ ఆగడమే మనకు కావాల్సింది.

చిన్న కెమెరా గెలిచే చోటు

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. మన ఊళ్లో పెద్ద నల్ల కెమెరా కనిపిస్తే రెండే అర్థాలు. పెళ్లి ఫోటోగ్రాఫర్ వచ్చాడు, లేకపోతే పేపరాయన వచ్చాడు. దాన్ని చూడగానే నానమ్మ కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంటుంది. తాత బీడీ దాచేస్తాడు. నవ్వుతూ మాట్లాడుతున్న మనిషి ఓటరు కార్డు ముఖం పెడతాడు. అదే మనవరాలు జేబులోంచి చిన్న కెమెరా తీస్తే ఎవరూ పట్టించుకోరు. నానమ్మ చింతకాయ దంచుతూనే ఉంటుంది, కథ చెప్తూనే ఉంటుంది. మనుషుల ఫోటోలకు చిన్న కెమెరా ఇచ్చే సౌకర్యం పెద్దది ఇవ్వదు.

పెద్దదా చిన్నదా అన్న ఈ ప్రశ్న మనకు కొత్త కూడా కాదు. రాజా దీన్ దయాళ్ పేరు మీరు వినే ఉంటారు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు. మన మహబూబ్‌నగర్‌కు పేరు వచ్చింది ఆ నిజాం నుంచే. దీన్ దయాళ్ కాలంలో ఫోటో అంటే స్టాండు మీద నిలబెట్టిన పెద్ద చెక్క కెమెరా, ఒక్కో ఫోటోకు ఒక్కో గాజు పలక. ప్రతి పలకకూ ఖర్చే, మోతే. అందుకే తీసేముందు ఆలోచించేవారు. ఆయన ఫోటోల్లోని నిదానం, పొందిక అక్కడినుంచి కూడా వచ్చాయని నేను అనుకుంటాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1888లో, అమెరికాలో కోడాక్ కంపెనీ చేతిలో పట్టే పెట్టె కెమెరా తెచ్చింది. లోపల 100 ఫోటోలకు సరిపడా రోలు ఉండేది. అయిపోయాక కెమెరా మొత్తాన్ని కంపెనీకి పంపితే ఫోటోలు కడిగి, కొత్త రోలు వేసి తిరిగి ఇచ్చేవారు. 1900లో అదే కంపెనీ పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఒక్క డాలరుకే బ్రౌనీ కెమెరా అమ్మింది. ఇంటి ఫోటోలు ఇంటివాళ్లే తీసుకునే అలవాటు అలాంటి చిన్న పెట్టెలతో పెరిగింది.

దీన్ దయాళ్ జీవితంలో నాకు బాగా నచ్చే సంగతి మరొకటి ఉంది. 1892లో ఆయన హైదరాబాద్‌లో స్త్రీల కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక మహిళా ఫోటోగ్రాఫర్‌కు అప్పగించారు. పరదాలో ఉండే స్త్రీలు మగవాళ్ల కెమెరా ముందుకు రారు కదా. ఎంత మంచి కెమెరా ఉన్నా, ఎదుటి మనిషి ఇబ్బంది పడకుండా దాని ముందు కూర్చోగలగాలి. చిన్న కెమెరా ఆ పని కొంత తేలిక చేస్తుంది. పెద్ద కెమెరా పట్టుకున్న పిల్లలకు మాత్రం ముందు మాట కలపడం, అడగడం, కాసేపు కూర్చోవడం నేర్పాలి. పిల్లలు ఇవి నేర్చుకుంటే మంచిదే కాబట్టి, పెద్ద కెమెరాకు ఇది పూర్తిగా నష్టమని నేను అనుకోవడం లేదు.

బీరువాలో ఉండే కెమెరా

ఇప్పుడు మొదట చెప్పిన ముఖ్యమైన మాటకు వస్తాను. మన ఇళ్లలో ఖరీదైన వస్తువు చోటు బీరువా. అప్పు చేసో, చీటీ ఎత్తో కొత్త డీఎస్ఎల్ఆర్ కొంటాం. పెట్టెతో సహా బీరువాలో పెడతాం. పెళ్లికో, పండక్కో బయటికి వస్తుంది. అప్పుడు కూడా బాబాయి చేతికి వెళ్తుంది. "నువ్వు పడేస్తావ్ రా" అని పిల్లవాడి చేతికి ఇవ్వం. ఎవరి పేరు మీద కొన్నామో వాడు తప్ప అందరూ దాన్ని వాడతారు. ఇలాంటి కెమెరా ఎంత గొప్పదైనా మీ పిల్లవాడికి ఏమీ నేర్పదు.

పాతది కొనమనడానికి నా అసలు కారణం ఇదే. కెమెరా కంపెనీలు మిర్రర్‌లెస్ వైపు వెళ్లిపోయాయి, ఫోటోగ్రాఫర్లూ మారుతున్నారు. అందువల్ల పదేళ్లు, పన్నెండేళ్ల కిందటి డీఎస్ఎల్ఆర్‌లు కొత్తవాటి ధరలో కొద్ది భాగానికే దొరుకుతున్నాయి. ఫ్యాషన్ పోయింది కానీ, వెలుతురు గురించి అవి నేర్పే పాఠం పాతబడలేదు. కింద పడితే బాధ ఉంటుంది, ఇల్లు తలకిందులు కాదు. పడిపోతే ఏమవుతుందో అన్న భయం లేనప్పుడే మీరు దాన్ని పిల్లల చేతికి ఇస్తారు, వాళ్లు చేనుకు తీసుకెళ్తారు.

బాగుచేయించే విషయంలోనూ డీఎస్ఎల్ఆర్‌కు కొంత వెసులుబాటు ఉంది. లెన్స్ పాడైతే లెన్స్ ఒక్కటే మార్చుకోవచ్చు. జేబు కెమెరాలో లెన్స్ ముందుకు వెనక్కి జరిగే యంత్రం లోపలే ఉంటుంది. దుమ్ము పట్టినా, తెరిచి ఉన్నప్పుడు కింద పడినా, లెన్స్ ఎర్రర్ అని చూపించి ఆగిపోతుంది. బాగుచేసే ఖర్చు చాలాసార్లు కెమెరా ధరకు దగ్గరగా ఉంటుంది. మన దుమ్ము సంగతి తెలిసిందే కదా.

మరి ఆరు, ఏడు తరగతుల పిల్లలకు? వాళ్ల చేతులు చిన్నవి, ఓపికా తక్కువ. ముప్పావు కిలో బరువును మెడలో వేసుకుని పరుగెత్తలేరు. వాళ్లకు జేబు కెమెరా చాలు. ఇంట్లో మూలన పడి ఉన్న పాతదైతే ఇంకా మంచిది. ఏడాది తర్వాత కూడా రోజూ ఫోటోలు తీస్తూ, "ఇది ఎందుకు నల్లగా వచ్చింది?" అని అడుగుతుంటే డీఎస్ఎల్ఆర్‌కు సమయం వచ్చిందని గుర్తు. అడగకపోతే డబ్బు మిగిలింది, అంతే.

పాతది కొనేముందు

హైదరాబాద్‌లో కోఠి వైపు వెళ్లినా, తెలిసిన ఫోటోగ్రాఫర్ దగ్గర కొన్నా, ఈ పరీక్షలు అక్కడే చేయండి. అరగంట చాలు.

ఒకటి, షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో అడగండి. డి3100 లాంటి మోడళ్ల షట్టర్‌ను కంపెనీ లక్ష సార్లు పరీక్షించింది. పెళ్లిళ్లలో వాడిన కెమెరా ఆ అంకెకు తొందరగా దగ్గరవుతుంది. నికాన్‌లో ఫోటో ఫైలులోనే ఈ లెక్క ఉంటుంది, ఉచిత వెబ్‌సైట్లు దాన్ని చదివి చెప్తాయి. పాత కానన్‌లలో అంత తేలిక కాదు, కాబట్టి ఎవరు, దేనికి వాడారో కనుక్కోండి.

రెండు, లెన్స్ విప్పి టార్చి వేసి చూడండి. లోపల సాలెగూడు లాంటి సన్నటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. అది వద్దు.

మూడు, అపర్చర్ ఎఫ్ 16 పెట్టి తెల్లని గోడను ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. నల్ల చుక్కలు సెన్సర్ మీది దుమ్ము. శుభ్రం చేయించవచ్చు, ఆ మేరకు ధర తగ్గించమనండి. గీతలుంటే వదిలేయండి.

నాలుగు, బ్యాటరీ ఉబ్బిందేమో, ఛార్జర్ ఇస్తున్నారో లేదో చూడండి. మెమరీ కార్డు 16 లేదా 32 జీబీ చాలు. పాత మోడళ్లు కొన్ని అంతకంటే పెద్దవి చదవవు.

ఐదు, రెండో లెన్స్ అంటూ ఇప్పుడే తొందరపడొద్దు. ఏడాది తర్వాత కావాలంటే 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్స్ మంచిది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. నికాన్ డి3100 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు. వాటికి ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్న లెన్సే కొనాలి. పాత ఏఎఫ్ డి రకం తగులుతుంది కానీ దానంతట అది ఫోకస్ చేయదు.

కెమెరాతో పాటు ఇవ్వాల్సిన నియమాలు

డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ని ఎప్పుడూ చూడకూడదు. భూతద్దం కాగితాన్ని కాల్చినట్టే లెన్స్ కంటిని దెబ్బతీస్తుంది. ఇది మొదటి రోజే చెప్పండి.

చెరువు కట్ట మీద, బావి దగ్గర, రోడ్డు మీద కన్ను కెమెరాకు ఆనించి వెనక్కి నడవకూడదు.

అడగకుండా ఎవరి ముఖమూ తీయకూడదు. వద్దంటే తీసింది వాళ్ల ముందే చెరిపేయాలి. తోటి పిల్లల ఫోటోలు వాళ్ల ఇంటివాళ్లకు తెలియకుండా ఎక్కడా పెట్టకూడదు. జేబు కెమెరా ఎవరికీ కనిపించకుండా తీయగలదు కాబట్టి, దాన్ని వాడే పిల్లలకు ఈ మాట రెండుసార్లు చెప్పండి.

మీకు కూడా ఒక మనవి. కెమెరాను మార్కులకు బహుమతిగా పెట్టకండి. తొంభై శాతం వస్తే కొంటాం, తగ్గితే లాక్కుంటాం అంటే అది కూడా ఇంకో పరీక్ష అయిపోతుంది. పోటీలకు, సర్టిఫికెట్లకు తొందరపెట్టకండి. మొదటి మూడు నెలల్లో చాలా ఫోటోలు బాగుండవు. చెట్టు మనిషి తలలోంచి మొలిచినట్టుంటుంది, కుక్క సగమే ఉంటుంది. నవ్వండి, కానీ ఎగతాళి చేయకండి.

వారానికి ఒక్క ఫోటో చాలు. ఆదివారం సాయంత్రం పిల్లలు తమకు నచ్చినదాన్ని ఎంచుకుని, దాని కింద తెలుగులో రెండు వాక్యాలు, ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాయాలి. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తున్నారు, ఇది ఎందుకు తీశాను. పక్కన కూర్చుని చదివించుకోండి. మీకు ఇంగ్లీష్ రాకపోయినా ఫర్వాలేదు. ఫోటోలో ఉన్నది మీ చేను, మీ అమ్మ, మీ వీధి. అది నిజమో కాదో మీకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆ కాగితం సోమవారం నాకు పంపిస్తే క్లాసులో పైకి చదివిస్తాను. రాసేది మన ఊరి గురించే అయితే, స్పెల్లింగ్ తప్పులు తర్వాత నిదానంగా దిద్దుకుందాం.